ఎనుక ఏముంది

హన్మకొండ చౌరస్తా దాటినంక
గడియారాల రిపేరు పక్కసందుల
జలాలుద్దీన్ సాబ్ దుకాణం.
బోర్డు మీద రంగు రాలి ‘ఆర్మ్స్’ల ‘ఆ’ ఒక్కటే మిగిలింది.
లోపట నూనె వాసన, పాత ఇత్తడి వాసన,
గోడకు గొలుసుతోటి కట్టేసిన తుపాకులు
సంతల ఎడ్ల తీరు.

పెద్దది కావాలన్న.
త్రీ సెవెంటీ ఫైవ్ మాగ్నం.
పేరు పలుకుతుంటేనే నోరు నిండింది.
ఐదు వందల గజాల నుంచి పడాలె సాబ్,
మూడెకరాల మక్క, మూడు రాత్రులల్ల
పందులు దున్నిపోయినయ్.

ఆయన నా మొకం చూడలే, భుజం చూసిండు.
బొక్క మీద వేలు పెట్టి నొక్కి
‘ఇది ఎన్ని తన్నులు ఓర్సుకుంటది?’ అన్నడు.
‘నాలుగో గుండుకు నువ్వే కన్ను మూస్తవ్.
కన్ను మూసెటోనికి ఎంత పెద్ద బోరైతేంది?’

బోల్టు గుంజి, గొట్టం కిటికీ దిక్కు తిప్పి
చూడుమన్నడు.
లోపట వెలుగు మెలికలు తిరుగుకుంట పోతున్నది
మోటర్ బందువెట్టినంక బాయిల సుడి తీరు.
‘ఈ మెలిక గుండుకు తొవ్వ చెప్తది.
ఎప్పుడు కొట్టొద్దో ఏదీ చెప్పది.’

తర్వాత ఒక పొడుగు డబ్బా.
మల్లు గుడ్డల చుట్టిన స్కోపు.
కన్నుకు మూడేళ్ల ఎడం ఉంచు, లేకుంటే కనుబొమ్మ పగులుద్దన్నడు.
దూరపు మేడ మీద మిర్చి ఆరబోస్తున్న మనిషి
చెవి మీది పుట్టుమచ్చతో సహా
నా ఒళ్లె వచ్చి కూసున్నడు.
ఆయనకు ఎరుకే లేదు.

‘గాలి సంగతి అద్దం చెప్పది.
పత్తిచేన్ల దూది ఎటు ఎగురుతుందో చూడు.
నీ కాడ ఒక గాలి, నాలుగు వందల గజాల కాడ ఇంకో గాలి.’
ఆగి, చాయ్ తాగి, అడిగిండు:
‘పంది ఎనుక ఏముంది?’
చేను.
‘చేనెనుక?’
రోడ్డు.
‘రోడ్డెనుక?’
మా రేగొండ దిక్కు అంత చదును,
గుండును ఆపే గుట్ట లేదు.
ఎర్రపెంకల బడి యాదికొచ్చింది గని
నోటితోటి అనలే.

లైసెన్సు ఇంకా కలెక్టరాఫీసుల ఉన్నది.
తుపాకికి కాయిదం కావాలె, అద్దానికి కన్ను చాలు.
పత్తి పైసలల్ల ముప్పై రెండు వేలు తీసి
ఒట్టి స్కోపు సంచిల పెట్టుకొని బస్సెక్కిన.
మా ఇంటామె రెండు రోజులు మాట్లాడలే.

పున్నమి ముందర రోజు, మంచె మీద
రాత్రి ఎంతైందో తెల్వదు.
అవతలి గెట్టు కాడ మక్క కదిలింది.
నల్లగ, వంగి, భూమికి ముట్టె ఆనిచ్చినట్టు.
లేని ట్రిగర్ మీదికి నా వేలు పోయింది.
మసక పోయేదాక చుట్టు తిప్పిన.

చెయ్యి.
చేతికి స్టీలు కడెం.
బుచ్చవ్వ.
పందులు పడేసిపోయిన కంకులు ఏరి
కొంగుల ఏసుకుంటున్నది.
గీతలు రెండు ఆమె ఈపు మీద కూడుకున్నయ్.

అద్దం దించిన.
దించితే మళ్ల పందే అయింది.
ఎత్తితే బుచ్చవ్వ.
దించితే పంది.
తెల్లారేదాక కిందికి దిగలేకపోయిన.

శివరాత్రి ముందట కాయిదం వచ్చింది.
త్రీ ఫిఫ్టీన్ చాలన్న, పాతదైనా సరే.
‘దూరం?’
వంద గజాలు. మంచె మీంచి, కిందికి.
గుండు మట్టిల దిగాలె.

సాబ్ ఏమనలే.
రిజిస్టర్ల నా పేరు రాస్తుంటే చెయ్యి వణికింది,
వయసుకే అనుకుంట.
ఆ తుపాకి ఎలక్షన్లని చెప్పి
ఎక్కువ దినాలు ఠాణాలనే ఉంటది.

బుచ్చవ్వ మొన్న ఎదురైంది,
పంది దొరికిందా బిడ్డా అని అడిగింది.
దొరకలేదన్న.
ఆమె ముందు నడుస్తుంటే
ఈపు దిక్కు చూడకుంట
తొవ్వ పక్కకు దిగి నిలవడ్డ.