చదివిపెట్టిన వారు

నారాయణపేటల చీరల దుకాణం మీది అంతస్తు.
రెండు కంప్యూటర్లు, ఒక స్కానరు,
నాలుగు బిస్కెట్ డబ్బాల నిండ ఉత్తరాలు.
ఫ్యాను ఆగితేనే పక్కింటి మగ్గం వినవడతది.

దేవరకొండోళ్ళ కాడ ఇంకో ఆరువందలున్నయి.
వాళ్ళు తేదీ ముందు రాస్తరు, మేం ఊరు ముందు రాస్తం.
వాళ్ళు పంపినవారు అంటరు, మేం రాసినవారు అంటం.
"రెండొక్కటే గద" అన్నడు ఆడికెల్లి వచ్చిన జంగయ్య.
గౌసియా నవ్వింది.
"ఒక్కటే అయితే మా తాతకు కూడెట్ల పుట్టేది?"

వాళ్ళ తాత ఖాసిం సాబు, మేస్త్రీ కింద మున్షీ.
ఏ ఆనకట్ట కాడ గుంపు దిగితే ఆడ
పొద్దంత హాజరు పుస్తకం, రాత్రి కందిలి ముంగట ఉత్తరాలు.
కార్డుల "నేను" అన్నది ఉట్కూరు ఆశప్ప.
ఆ "నే"కు కింద సాగిన తోక మాత్రం ఖాసిం సాబుది,
ఉర్దూ రాసిన చెయ్యి.
చెప్పినవారు. రాసినవారు.
రెండు గడులు గీసేసరికి పొద్దు గూకింది.

తేదీ కాడ మూడు దినాలు పోయినయి.
"పీర్ల పండుగ ముందటి ఐతారం" అని ఉంటది.
మిషనుకు ఐతారం తెల్వదు,
ఏడాది, గీత, నెల, గీత, రోజు కావాలంటది.
జంగయ్య పాత పంచాంగాలు ముందరేసుకొని
ఇంతకు ముందు కాదు, ఇంతకు తర్వాత కాదు అని
రెండు మేకులు కొట్టి
నడుమ ఉత్తరాన్ని ఆరేసిండు.

గుంపుల ఎవరన్న పోతే
ఖాసిం సాబు కార్డు మూల చింపి పంపేటోడట,
అచ్చరం రాని ఇల్లు సుత గుర్తుపట్టాలని.
అందుకని, ఎలుక కొరికిన దానికో గుర్తు,
చెయ్యి చింపిన దానికో గుర్తు.
ఆ రెండో గుర్తు పెట్టినప్పుడల్ల
గౌసియా లేచి కిటికీ కాడికి పోయేది.

"ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను."
రెండువందల పదకొండు కార్డుల ఇదే మొదటి మాట.
జ్వరంల ఉన్నా, కూలి ఎగ్గొట్టినా ఇదే.
అందరం ఒక తీరుగ రాసుకుందామని
మేమిప్పుడు కూసున్నం గని,
బడి మొగం చూడనోళ్ళు ఎన్నడో కూసున్నరు.

ఒకనాడు మొగులమ్మ వచ్చింది, ఆశప్ప భార్య.
మూడో డబ్బా ఆమెదే.
మెట్లెక్కిన ఆయాసం తగ్గనియ్యకనే అడిగింది:
"ఎర్రమేక ఉత్తరం ఏదే బిడ్డా?"

మేక అని కొట్టి వెతికిన.
సున్న.
మే అని కొట్టిన. మేస్త్రీలు వచ్చిండ్రు.

"ఉన్నది. ఎర్రమేకను అమ్మకు, నేనొస్త అన్నడు.
అమ్మలే. నాలుగు ఈతలు ఈనింది.
ఆ పిల్లలతోనే కరువు దాటినం."

దొరికింది ఆ ఏటి కార్డు.
పైసలు కుదరలేదు. ఈ ఏడు రాను.
పిల్లగాన్ని బడికి తోలు. ఇట్లు.
అంతే. ఎనక పక్క చిరునామా.

"ఎవరు చదివిండ్రు అవ్వా అప్పుడు?"
"పోస్టు తిప్పన్న బిడ్డె చంద్రకళ.
నాలుగో తరగతి.
బండ మీద నిలవడి సప్పుడుజేసి చదివేది.
చదువు బిడ్డా, ఇంకోపారి ఇంట."

చదివిన.
ఇక్కడ మేము క్షేమం అన్న.
ఎర్రమేకను అమ్మకు అన్న.
ఆమె పెదవులు నాకన్న ఒక మాట ముందు కదిలినయి.

అందరం కూడిన నాడు ఇంకో గడి అడిగిన:
చదివిపెట్టిన వారు.
జంగయ్య కళ్ళద్దాలు తీసి తుడిచిండు.
"కాయితం మీద లేనిదానికి ఆధారమేంది?"
"నాలుగు ఈతలు" అన్న.
ఎవరు నవ్వలే.
శానసేపటికి రాసుకున్నరు, అడుగున, చిన్నగ:
ఈ గడి తప్పనిసరి కాదు.

ఆ రాత్రే నింపిన.
చంద్రకళ, తిప్పన్న బిడ్డ, ఉట్కూరు.
తేదీ: ఆ కరువేడు, రెండు మేకుల నడుమ.
దాని కిందనే ఇంకో వరుస తెరిచి
నా పేరు కొట్టిన.
ఈ తేదీకి పంచాంగం అక్కర పడలే.