వల కన్ను

నవంబరు. మూడున్నరకే చీకటి పడే తార్తు పట్నంలో
విశ్వవిద్యాలయం మూడో అంతస్తు,
ఒక్క కిటికీలోనే దీపం. నాదే.
తెరమీద నూట నలభై ట్యాబులు
ఒకదాన్నొకటి నొక్కుకుని, పేర్లు పోగొట్టుకుని
చలికి ముడుచుకున్న పిచ్చుకల్లా కూచున్నాయి.
వాటిలో ఏదో ఒకటి సన్నగా మాట్లాడుతోంది.
ఏదో వెతికే ఓపిక లేక
శబ్దం తగ్గించాను.

పాముచేప మీద నా పరిశోధన.
ఎక్కడో సర్గాసో సముద్రంలో గుడ్లు పెడుతుందంటారు,
పెడుతుండగా చూసినవాళ్లు లేరు.
ఎవరూ చూడని ఆ సంగతి చుట్టూ
నాలుగు వేల మూడు వందల పన్నెండు వ్యాసాలు
నా ఖాతాలో పడున్నాయి.
లెక్క ఎలా తెలిసిందంటే,
చోటు నిండింది, డబ్బు కట్టమని కబురొచ్చింది.

మొదట్లో ఎంత ముచ్చటగా సర్దానో!
వలసకి ఎరుపు, ఉప్పునీటికి నీలం,
చేప చెవిరాయిలో వయసు లెక్కలకి ఆకుపచ్చ.
తర్వాత ‘తప్పక చదవాలి’ అని ఒక అర.
అందులో ‘నిజంగా తప్పక చదవాలి’.
దాని కడుపులో ‘ఈ వారం’.
అది ఏ వారమో
ఇప్పుడు నాకూ తెలీదు.

పక్క బల్ల రీలికా ప్రతి సోమవారం
కొత్త సాధనం మోసుకొస్తుంది.
ఇది అడక్కుండానే సారాంశం చెబుతుందట,
ఇది దానంతటదే వర్గాలు చేస్తుందట,
ఇది ఆలోచనలన్నిటినీ గీతలతో కలుపుతుందట.
కలిపింది.
తెర నిండా సాలెగూడు.
నడుమ చిక్కిన ఈగ ఎవరని
ఇద్దరమూ అడగలేదు.

శనివారం బస్సెక్కి
వర్ట్స్‌యార్వ్ సరస్సుకి పోయాను, నమూనాల కోసం.
కుస్తా షెడ్డులో కూచుని వల బాగుచేస్తున్నాడు,
చేతిలో చెక్కసూది, పళ్ల మధ్య దారం.
నా గోడంతా వెళ్లబోసుకున్నాను.
దారం తెంపి, ఒక్కటే అడిగాడు:
‘నీ వల కన్ను ఎంత?’

నేను తెల్లమొహం వేస్తే
వల ఎత్తి లాంతరుకి అడ్డంగా పట్టాడు.
నా స్వెట్టరు మీద గళ్లు గళ్లుగా వెలుగు.
‘ఇందులో దారం పిడికెడు. మిగతాదంతా ఖాళీ.
కన్ను మరీ చిన్నదైతే
నాచూ, కుళ్లిన ఆకులూ, వేలెడు పిల్లలూ,
పోయినేడు మా ఆవిడ జారవిడిచిన గరిటా,
అన్నీ ఎక్కుతాయి. ఒడ్డు చేరేది పడవ కాదు, చెత్తే.
పైగా పిల్లల్ని పట్టినందుకు జరిమానా.’

‘నాక్కావలసిందే జారిపోతే?’
‘పెద్దదై వస్తుంది.’
‘రాకపోతే?’
‘దాని బతుకు అది బతుకుతుంది. సూపు చల్లారిపోతోంది, తాగు.’

ఆదివారమంతా ఒక్కటే ప్రశ్న రాసి ఎదురుగా అంటించుకున్నాను:
ఆడ పాముచేప సరస్సు విడిచిపోయే రాత్రి
ఏది చూసి బయల్దేరుతుంది?
ఆ కంటికి ఆనినవి ఉన్నాయి,
ఆననివి పోయాయి.
మొదటి వంద తుడిచేటప్పుడు చెయ్యి వణికింది,
వెయ్యి దాటాక
గిన్నెలు కడుగుతున్నట్టే ఉంది.
ఎవరో పాత జాలరి చేతిరాత లెక్కల పుస్తకం ఒకటి
ప్రశ్నకి ఆనదు, అయినా ఉంచుకున్నాను.
తేదీల పక్కన చిన్న చిన్న చందమామలు గీశాడు మరి.

సన్నగా మాట్లాడుతున్న ట్యాబు దొరికింది.
‘సమాచారాన్ని సర్దుకోవడం ఎలా?’ మొదటి పాఠం.
రెండు వారాలుగా
ఎవరూ లేని తరగతికి పాఠం చెప్పుకుంటోంది పాపం.

అరవై మూడు మిగిలాయి.
దీపం ఆర్పి పడుకున్నాను.
రెండింటికి మెలకువొచ్చింది:
నీటి చల్లదనం మీద ఒక పట్టిక ఉండేది,
ఏ వ్యాసంలోనో, పోర్చుగల్ వాళ్లదనుకుంటా,
పేరు గుర్తు లేదు, తుడిచేశాను.

పెద్దదై వస్తుందిలే అనుకున్నాను.
తెల్లారేదాకా
అలా అనుకుంటూనే ఉన్నాను.