తొంభై దగ్గర

లెడ్‌విల్‌లో నీళ్ళకి ఓపిక తక్కువ.
పొయ్యి మీద పెట్టి
చేతి తొడుగులు విప్పుకునేలోపే
సలసలమంటాయి.
చూసినవాళ్ళు మరిగాయనే అనుకుంటారు.
నేను చూసి ఊరుకోను, కొలుస్తాను. అదే నా ఉద్యోగం.
కొలరాడో కొండల పాత గనుల్లోంచి కారే
తుప్పురంగు నీళ్ళలో
జింకెంత, సీసమెంత, వేడెంత అని
రోజుకి మూడుసార్లు పుస్తకంలో రాస్తాను.
ఆ అలవాటునే కెటిల్లోనూ ముంచాను థర్మామీటరు.
తొంభై.
ఇంకో పది నిమిషాలు మంట పెట్టాను.
తొంభై.
నీళ్ళు తరుగుతున్నాయి, కిటికీకి చెమట పడుతోంది,
అంకె మాత్రం మొండిగా అక్కడే.

పదివేల అడుగుల ఎత్తు.
నెత్తిమీద గాలి బరువు తక్కువ.
అదిమిపట్టే చెయ్యి లేనిచోట
ఎవరైనా తొందరగానే పొంగుతారు.
మా అక్క నన్ను పాలగిన్నె అనేది,
ఇటు తిరిగి అటు చూసేలోపు
పొయ్యంతా చేస్తానని.
ఈ ఊరి నీళ్ళతో
చుట్టరికం కలుపుకోవాలనిపించింది.

గాల్వెస్టన్‌లో ఉన్నప్పుడూ ఇవే గింజలు,
ఇదే గాజు గరాటు, ఇదే కాగితం.
సముద్రం పక్కన నీళ్ళు
నూరు దాకా ఓర్చుకునేవి.
పొట్లం మీద చిన్నక్షరాల్లో తొంభై ఆరు డిగ్రీలని ఉంటుంది.
పొయ్యి కట్టేసి, కప్పు కడుక్కుని వస్తే
సరిగ్గా అక్కడికి దిగి కూర్చునేవి.
ఇక్కడ ఆ అంకెకి
నిచ్చెన వేసినా అందదు.

మొదటి కప్పు పులుపు.
చింతపండు పులుపు కాదు, దానికో మర్యాద ఉంది.
ఇది పండకముందే తెంపినదాని పులుపు.
గింజ తలుపు ఓరగా తీసి
"ఎవరూ?" అని అడిగి
మళ్ళీ గడియ వేసుకున్నట్టు.
ఒళ్ళుమండి పొడి రెట్టింపు వేశాను.
పులుపూ రెట్టింపైంది.

హార్లన్ ప్రూయిట్ నా రాత్రి షిఫ్టులో తోడు.
మాలిబ్డినం గనిలో ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు పట్టి
ఎడమ చెవిని అక్కడే వదిలేసి వచ్చాడు.
నా కప్పులోంచి ఒక్క గుక్క తాగి,
మొహం ఏమీ మార్చకుండా
మర బిగించి, కొత్త గింజలు వేసి తిప్పాడు.
ఉప్మా రవ్వలా ఉండే పొడి
ముగ్గుపిండంత అయింది.
నీళ్ళు కుతకుతలాడుతుండగానే కూజాలోకి వంచి,
సాసరు మూతపెట్టి
తలుపు వైపు నడిచాడు.

ఎంతసేపని అరిచాను, కుడి చెవి వైపుకెళ్ళి.
కోటు గుండీలు పెట్టుకుంటూ అన్నాడు:
"అద్దం మీద మంచు గీకినంతసేపు."

లోపల నేనూ, మూత కింద అదీ.
కాగడం వేరు, మరగడం వేరని
చిన్నప్పుడే తెలుసు నాకు.
ఊరడమనే మాటని మాత్రం
ఉసిరికాయల జాడీకే కట్టేసి ఉంచాను.
రెండుసార్లు మూత ఎత్తబోయి
రెండుసార్లూ చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
అది నాకు అలవాటు లేని పని.

మీసాల మీద మంచుపొడితో వచ్చాడు,
మడ్డి కదలకుండా పోశాడు.
మొదటి గుక్కకి నాలుక చురుక్కుమంది, రుచే తెలియలేదు.
కాసేపటికి చేదు, పెళ్ళిలో పెద్దమనిషిలా
ముందుకొచ్చి నిలబడింది.
ఇంకాస్త చల్లారాక
అదే పక్కకి తప్పుకుని దారిచ్చింది.
లెక్కలు నింపుతూ మరిచిపోయిన అడుగు గుక్కలో,
దాదాపు ఒంటి వేడి దగ్గర,
బత్తాయి తొక్క వాసన,
పాకం ముదిరే ముందటి తీపి.
ఎన్ని డిగ్రీలో
కొలిచి ఉండాల్సింది. కొలవలేదు.

తెల్లారకముందే షిఫ్టు దిగి బయటికొచ్చాను.
ఊళ్ళో ప్రతి కారూ గడ్డకట్టి ఉంది.
మా ఇద్దరివీ తప్ప.
నా అద్దం మీద గీకుడుగీతలు
అర్ధచంద్రాల్లా ఆరుతున్నాయి.

నవంబరు నుంచీ ఇంతే.
గోడ చాటున పెడతాను కదా,
మంచు పట్టదనుకున్నాను.