విప్పేవాడి కోసం

ఆటోనగర్‌లో స్ప్రింగు కట్టల కొట్టు పైన మా ఆఫీసు.
కింద సమ్మెట పడ్డప్పుడల్లా
పైన నా టీ గ్లాసులో వలయాలు.

లారీ విడిభాగాలమ్మే యాప్ మాది.
దాని కోడు సోమవారం నా నెత్తిన పడింది.
ఒకే ఫైలు, రెండువేల నాలుగొందల వరసలు,
తలుపుల్లేని గోడౌను.
లోపల పేర్లు:
డేటా, డేటా టూ, టెంప్,
కొత్తది, కొత్తది ఫైనల్, ఇదే అసలు ఫైనల్.
ఎక్స్ అంటే ఒకచోట ధర,
పాతిక వరసలు దిగితే అదే ఎక్స్
కస్టమరు ఫోన్ నంబరు.
కొనే బటన్‌కి పద్నాలుగు పేజీల్లో పద్నాలుగు నీలాలు,
బందరు కాలవ ఏ కాలంలోనూ చూడని నీలం కూడా.
అన్నిటికీ నడుమ ఒక కామెంటు:
"దీన్ని ముట్టుకోకండి.
ఎందుకు పనిచేస్తుందో తెలీదు."

ముట్టుకోలేదు.
రెండ్రోజులు దాని చుట్టూ ప్రదక్షిణం చేశాను.

బుధవారం కరెంటు పోయింది.
కిందికి దిగితే
మీరావలి ఒక లారీ డాష్‌బోర్డు విప్పుతున్నాడు.
పన్నెండేళ్ళ కిందట తను వైరింగు చేసిన బండి,
ఇప్పుడు మూడో ఓనరు చేతిలో;
ఎడమ ఇండికేటరు వెలగట్లేదు.
పేగుల్లా బయటపడతాయనుకున్నాను వైర్లు.
పడలేదు.
జడల్లినట్టు పాయలు,
జానెడుకో టేపు చుట్టు,
ప్రతి కొసకీ సైకిలు ట్యూబు ముక్క,
ముక్క మీద తెల్ల పెయింటుతో
"ఎడమ ఎనక", "హారన్", "క్యాబిన్ లైటు".
ఒకదాని మీద మాత్రం రెండు మాటలెక్కువ:
"ఇటునించి తిప్పా. అటు సైలెన్సరు వేడి."

"బండి నీ దగ్గరికే వస్తదని రాశావా?"

"నా దగ్గరికొస్తే రాయడమెందుకమ్మా,
ఏ అద్దంకి రోడ్డులోనో రాత్రిపూట ఆగిపోద్ది.
సెల్లు లైటు నోట కరుచుకుని ఇప్పుతాడొకడు.
ఆడు నన్ను తిట్టకూడదు."
ఇంకో ముక్క తిప్పి చూసి నవ్వాడు:
"ఇదీ నేనే రాశానా?
చూడు, నాకే గుర్తులేదు."

కరెంటొచ్చింది.
మెట్లెక్కి సువార్తని పిలిచాను.
నిన్న చేరిన పిల్ల, నిడమానూరు నుంచి షేర్ ఆటోలో వస్తుంది.
రూల్సెక్కడున్నాయక్కా అని పొద్దున అడిగింది.
గోడకంటించిన పదిహేడూ చూపించలేదు,
ఎక్స్ చూపించాను.
"ఇదేంటో చెప్పు."
నీళ్ళు నమిలింది.
"తప్పు నీది కాదు, పేరుది."

ఒక ఎక్స్‌కి 'పన్నుతో ధర' అని పేరు పెట్టాం,
రెండోదాన్ని వేరే ఇంటికి పంపాం.
పద్నాలుగు నీలాలూ ఒకే డబ్బాలో పోశాం;
రేపు ఓనరుకి ఆకుపచ్చ మీద మనసైతే
మారేది డబ్బా ఒక్కటే.
ఎప్పుడైనా పనికొస్తాయని దాచిన మూడొందల చచ్చిన వరసలు,
పాత టైర్లలో నిలవ నీళ్ళు,
ఒలకబోశాం.

బటన్ని తనే పెంచింది.
"మా బాబాయి చేతులకి గ్రీజుంటదక్కా,
ఇంత చిన్నది నొక్కలేడు."
ఆ మాట పదిహేడిట్లో లేదు.
పద్దెనిమిదని వేసి పెన్నుతో రాశాను.

ఇక మిగిలింది
ముట్టుకోకూడనిది.
ముందు దానికో టెస్టు రాశాను,
వైరు కొయ్యబోయే ముందు మీరావలి
టెస్టరు ఆనించి చూసినట్టు.
రెండుసార్లు ఎర్రబడింది, మూడోసారి పచ్చబడింది.
ఏడున్నరకి, సమ్మెటలాగిపోయాక,
దొరికింది.
రాసినవాడు వెర్రివాడేం కాదు,
కారణం ఉంది, చెప్పే ఓపిక లేదంతే.

తీసెయ్యలేదు.
ఆ పాత హెచ్చరిక చెరిపి
దాని చోట నా ట్యూబు ముక్క కట్టాను:

"పాత ఫోన్లలో ధర ఆలస్యంగా వస్తుంది.
అందుకే ఇక్కడ అర సెకను ఆగుతున్నాం.
తీసేముందు ఒకసారి కిందికి దిగి
స్ప్రింగు కొట్టు గోపయ్య ఫోన్లో చూడండి.
మధ్యాహ్నం రెండు దాటాక వెళ్ళండి,
అంతకుముందు బేరాల్లో ఉంటాడు."