ముందే ఉన్న జబ్బు

మిల్లు గేటుకి తాళం పడిన పదో నెల్లో
నెల్లిమర్ల డిస్పెన్సరీ కిటికీలోంచి
నా ఈఎస్ఐ కార్డు నా చేతికే తిరిగొచ్చింది.
"ఇంక చెల్లదు నాయుడూ" అంది కాంపౌండరమ్మ,
చూపు మాత్రల డబ్బా మీదే ఉంచి.
ఆ కార్డు మీద ఫొటోలో మేం నలుగురం.
చిన్నదానికి అందులో ఇంకా పాలపళ్ళే.
మొన్న శ్రావణంలో దానికే కొడుకు పుట్టాడు.

ఆదివారం పొద్దున్న త్రినాథు వచ్చాడు,
బ్యాంకు ఎదర ఇన్సూరెన్సులు కట్టించే కుర్రాడు,
నా పక్క మిషను సన్యాసప్పడి కొడుకు.
నులకమంచం మీద మూడు కాగితాలు పరిచి
గాలికి ఎగరకుండా
ఒకదాని మీద సెల్లు, ఒకదాని మీద బండి తాళం,
మూడోదాని మీద తవిటమ్మ ఇచ్చిన టీ గ్లాసు పెట్టాడు.

మొదటిది మూడు లక్షలది, గది అద్దెకి హద్దుంది.
రెండోది అయిదు లక్షలది, బిల్లులో అయిదో వంతు మనది.
మూడోదానికి ఏ హద్దూ లేదు.
దాని ధర చెప్పడానికి వాడు గొంతు తగ్గించాడు.

తవిటమ్మ సుగరుకి మూడేళ్ళ ఆగుడంట.
"అంటే?"
"అంటే పిన్నీ, మూడేళ్ళు కట్టేదాకా ఆ జబ్బుకి డబ్బు రాదు."
"మరా జబ్బుకి సెప్పినారేటి, ఆగమని?"
వాడు నవ్వలేదు. రోజూ వినే మాటేమో.
"నెలనెలా మాత్రలో?"
"రావు. ఇరవైనాలుగ్గంటలు మంచమెక్కితేనే."
"ఇరవైమూడో గంటకి నిమ్మళిస్తే?"
వాడు టీ గ్లాసు ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టాడు.
కాగితం మీద గుండ్రటి మరక.

సర్కారు కార్డుంది గదా అంటాడు పక్కింటి పోలినాయుడు.
ఉంది. దానికి వేలిముద్ర పడాలి.
జనపనార జారి జారి నా వేళ్ళు నున్నగా అరిగిపోయాయి.
మిషను ప్రతిసారీ
ఎవడివి నువ్వంటుంది.

"పొగ తాగుతారా బాబాయ్?"
లేదు.
"మందు?"
పండక్కి.
దుమ్ము తాగేను,
ఇరవయ్యేడేళ్ళు, రోజుకి ఎనిమిది గంటలు,
ఓటీ ఉన్ననాడు పన్నెండు.
దానికి గడి లేదు.

సైరను ఆగిపోయాక
అయిదింటికి మా వీధిని లేపేది నా దగ్గే.
ఇడ్లీల ఎర్రమ్మ అది విని పొయ్యి రాజేస్తుంది.
ఒకనాడు నేను కూతురింట్లో పడుకుంటే
ఆమెకి బేరం ఆలీసమైందట, నన్నే తిట్టింది.

త్రినాథు పెన్ను ఆపాడు.
"దగ్గు రాయకపోతే సులువు. శానామంది రాయరు."
తవిటమ్మ చేటలో బియ్యం చెరగడం మానింది.
"మీ నానకి ఏది రాసినావురా?"

కుర్రాడు బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు.
దాని కింది కాగితం ఎగిరి గడప దగ్గర పడింది.
"రాసేను పిన్నీ. వెనక్కొచ్చింది.
దగ్గు లేదని మళ్ళీ రాసేను. ఈసారి ఒప్పుకున్నారు.
ఇజీనారం ఆస్పత్రిలో ఫిల్ము తీసినప్పుడు బయటపడిపోయింది.
మొత్తం కొట్టేసినారు."
సన్యాసప్పడి ఊసు మరెవరం ఎత్తలేదు.

ఎగిరింది రెండోది.
తవిటమ్మే లేచి తీసి, మోకాలి మీద సాపుచేసి
వాడికిచ్చింది.
"ఇదే రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి."
పీఎఫ్‌లో మిగిలింది ఒక ఏడాదికి సరిపోతుంది.
పై ఏటి మాట పై ఏడు.

ఈ వరస మీరే రాయాలని వాడు పెన్ను నాకిచ్చాడు.
ముందే ఉన్న జబ్బు: దగ్గు, ఆయాసం.
ఎప్పటినుంచి?
రోజు, నెల, సంవత్సరం, మూడు చిన్న గళ్ళు.
డాక్టరు మొదట ఎప్పుడు చెప్పాడో జ్ఞాపకం లేదు.
నాకు గట్టిగా గుర్తున్న తారీఖు ఒక్కటే,
పనిలో చేరినది.
అదే రాశాను.
వాడు చదివాడు. ఏదీ దిద్దలేదు.
కాగితం సంచిలో పెట్టుకుని
చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.