తలకిందుల అక్షరం

చీమకుర్తి క్వారీలో ఆ నెల బేరాల్లేవు.
చైనా వాళ్లు పండక్కి ఊళ్లకెళ్లారు.
దేశం దేశమే రైలెక్కుద్దంట అప్పుడు.
లిన్ ఒక్కడే మిగిలాడు,
కృష్ణపట్నంలో ఓడ కదల్లేదని.

బండలకు నంబర్లేసే నా ఎర్రరంగు డబ్బా అడిగాడు.
గది తలుపుకి కాయితం అంటించాడు,
ఒకే ఒక్క అక్షరం.
తిరగబడి ఉందని
పొద్దున్నే నేనే పీకి సరిగ్గా అంటించా.
మెస్సు పెంచలమ్మ కూడా మెచ్చుకుంది.

లిన్ చూసి, నవ్వి, మళ్లీ తిప్పాడు.
వాళ్ల మాటలో
తిరగబడిందన్నా వచ్చేసిందన్నా ఒకటే పలుకంట.
అదృష్టం తలకిందులైతేనే
గడప దాటినట్టు.

రాత్రి పెంచలమ్మ పిండి పిసికింది.
అతను మడిచిన ప్రతిదీ
ఆమె కంటికి కజ్జికాయే.
లోపల కొబ్బరి కాదు, క్యాబేజీ అని
పిల్లలు మొహాలు ముడిచారు.
కాసేపటికి గిన్నె ఖాళీ.

ఫోన్లో అతని కూతురు ఏదో అడుగుతోంది.
బైటికొచ్చి
నల్లబండ మీద చెంబెడు నీళ్లు గుమ్మరించాడు.
రోజూ నెర్రెల కోసం వంగి చూసే మనిషి
ఆ పూట బంగారు చుక్కలకేసి ఫోను తిప్పాడు.

పాపకేం చెప్పాడో నాకు తెలీదు.
తెల్లారి ఆ బండకి నంబరెయ్యబోతే
రంగు డబ్బా
అతని గదిలోనే ఉండిపోయింది.