ఇతరములు

ఫారంల పన్నెండు గడులున్నయ్.
దహనము. సూదిపోటు. విద్యుదాఘాతము వంటిది.
స్పర్శలేమి.
అన్నిటికన్న కింద, రెండు వేళ్ల మందం గడి: ఇతరములు.
ఎవరు ఏ మాటంటే వాళ్లకు ఏ గోలీ పనిచేస్తదో
ముందే చెప్పే లెక్క ఒకటి కడుతున్నరు
పైన, మూడో అంతస్తుల.
నా పని కింద.
అడుగుడు, వినుడు, టిక్కు పెట్టుడు.
హన్మకొండ, నరాల ఓపీ, మంగళ శుక్రవారాలు.

దహనమంటే ఏందమ్మా, అని అడిగింది ఖైరున్నీసా.
మంట, అన్న.
అట్ల చెప్పరాదు మరి, అని
బీడీలు చుట్టీ చుట్టీ గోరు అరిగిన బొటనవేలు చూపింది.
"దారం కట్టేటప్పుడు చిటుక్కుమంటది,
మోచేతి దాక తీగ మీటినట్టు జివ్వున పోతది.
మంట గాదు.
ఆకు తడి ఆరినంక మొదలైతది."
విద్యుదాఘాతము పక్కన టిక్కు.
తడి ఆకుకు గడి లేదు.

కొత్తవాడ సదానందం జంపఖానాలు నేసినోడు.
షుగరొచ్చి పన్నెండేండ్లు.
"పడుగుల ఒక్క పోగు తెగితే
మగ్గం ఆగదు గని చేతికి తెలుస్తది సూడు,
అట్లుంటది మేడమ్, అరికాల్ల."
నొప్పా?
"నొప్పంటే నొప్పి గాదు. తెగిన జాగ."
పెన్ను పట్టుకొని చానాసేపు కూసున్న.
స్పర్శలేమి అని రాసి,
కొట్టేసి,
మల్ల అదే రాసిన.

ఓదెలు భూపాలపల్లి గనిల పనిచేసి రిటైరైండు.
పదిల ఎంత నొప్పి, అంటే
"ఏ షిఫ్టుల?" అన్నడు.
రాత్రి షిఫ్టు తొమ్మిది, పొద్దటి షిఫ్టు మూడు.
ఒక్క అంకెకే చోటున్నది. ఆరు వేసిన.
ఆరు ఆయనకు ఏ గంటల లేదు.

మొగిలి మాత్రం సులువనుకున్న.
ఎనుమాముల యార్డుల ముప్పై ఏండ్లు మిర్చి బస్తాలు మోసిండు.
వీపు మీద సర్పి లేచి మానింది, నొప్పి మానలే.
"మిర్చి చెయ్యి లెక్క ఉంటది బిడ్డా."
ఇంకేం గావాలె. దహనము. టిక్కు.
పైన లెక్క ఆకుపచ్చగ వెలిగింది:
ఈయనకు పనిచేస్తది.

ఆరు వారాలకు వచ్చి
సగం మిగిలిన గోలీల పట్టీ టేబులు మీద పెట్టిండు.
మత్తు తప్ప ఏం రాలేదట.
మిర్చి చెయ్యంటే మంటే గదా, అన్న.
"మంట ఎవనికి? కొత్తోనికి.
మాకు మొదటి ఏడే పోతది మంట.
పొద్దూకి నల్ల కింద చేతులు పెడితే
నీళ్లు సల్లగున్నయో ఉడుకున్నయో తెల్వది సూడు,
అంగి తాకినా ఎవరో ముట్టినట్టు ఉలిక్కిపడతది సూడు,
అది.
నువ్వు సగం మాటనే రాసుకున్నవ్."

మూడో అంతస్తుకు పోయి చెప్పిన.
లెక్క కట్టే రఘువీర్ మంచోడే.
ఒక్క మనిషితోని లెక్క మారదక్కా, అన్నడు.
నిజమే.
ఆయన దగ్గర నాలుగు వందల మంది ఉన్నరు.
అందరూ నా టిక్కులే.

అప్పటి నించి ఫారం తిప్పి
వెనక తెల్ల దిక్కు రాస్తున్న,
వాళ్లు చెప్పింది చెప్పినట్టు.
రెండింటికి అయిపోయే ఓపీ నాలుగైతుంది.
సిస్టరు గోడ గడియారం చూపెట్టి విసుక్కుంటది.

ఇయ్యాల పరకాల నించి ఒకామె వచ్చింది.
ఎట్లుంటదమ్మా నొప్పి, అన్న.
నా మొకం చూసింది, కాగితం చూసింది.
"రాస్తవా?"
రాస్త.
"అయితే ఆగు," అని
కొంగుతోని కుర్చీ తుడుసుకొని
సక్కగ కూసున్నది.